ఐదో తరగతి అమ్మాయికి లేసుల బూట్లు: దుకాణంలో ఏం చూడాలి, బడిలో ఏం అడగాలి

కూకట్‌పల్లి నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. జూన్‌లో కూతురు ఐదో తరగతికి, కొడుకు మూడో తరగతికి వెళ్తారు. బడి ఇచ్చిన జాబితాలో ఆడపిల్లలకు స్కర్టు, నల్ల బెల్లీలు (పైన తెరిచి ఉండే పలుచని బూట్లు) అని, మగపిల్లలకు ప్యాంటు, నల్ల లేసుల బూట్లు అని ఉంది. అమ్మాయి తనకూ తమ్ముడి బూట్లలాంటివే కావాలంది. దుకాణదారు "అవి అబ్బాయిలవమ్మా" అని పెట్టె మూసేశాడు. ఇంత చిన్న విషయానికి బడితో గొడవ ఎందుకని ఇంట్లో పెద్దవాళ్ళు అంటున్నారు. ఇది నిజంగా చిన్న విషయమేనా, అడిగితే పిల్లను ఎవరైనా వేలెత్తి చూపిస్తారా అన్నది ఆమె సందేహం.

అమ్మా, ఇది చిన్న విషయం కాదు. నేను ఈ నగరంలోని బళ్ళలో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా చాలా ఏళ్ళు పనిచేశాను. ఆటల పీరియడ్‌లో మైదానం అంచున గోడకు ఆనుకుని కూర్చునే పిల్లల్లో ఎక్కువ మంది ఎవరో, ఎందుకు కూర్చుంటారో దగ్గరగా చూశాను. వాళ్ళకు ఆట ఇష్టం లేదనుకోవడం పొరపాటు. ఖోఖోలో కూర్చుని లేచేటప్పుడు స్కర్టు ఎక్కడ పైకి పోతుందో, పరుగులో బెల్లీ ఎక్కడ ఊడి వెనకబడుతుందో అన్న బెంగతో వాళ్ళు కూర్చుండిపోతారు. మీ అమ్మాయి పరుగెత్తడానికి పనికొచ్చే బూట్లు అడిగింది. నిశ్చింతగా కొనండి.

పదేళ్ళ లోపు ఆడపిల్ల పాదానికీ మగపిల్లవాడి పాదానికీ బూటు రకం మార్చవలసినంత తేడా ఉండదు. పొడవు, వెడల్పు, మడమ దగ్గర మందం పిల్లకూ పిల్లకూ మారుతుంటాయి. ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరు ఆడపిల్లల పాదాల మధ్య కనిపించే తేడా, ఇంట్లో అక్కాతమ్ముళ్ళ పాదాల మధ్య కనిపించకపోవచ్చు. ఈసారి దుకాణానికి వెళ్ళినప్పుడు రెండు రకాలనూ పక్కపక్కన పెట్టించి చూడండి. బెల్లీ పైభాగం సగానికి పైగా తెరిచి ఉంటుంది. పాదాన్ని పట్టి ఉంచేది ఒక సన్నని పట్టీ లేదా అంచున కుట్టిన ఎలాస్టిక్. అది జారకుండా ఉండాలంటే పిల్ల వేళ్ళు ముడుచుకుని నడవాలి, లేదా మీరు కాస్త బిగుతుగా ఉన్న జత కొనాలి. చాలామంది తల్లులు రెండో పని చేస్తారు, పిల్లల మడమల వెనక బొబ్బలు లేస్తాయి. అడుగు పలుచగా ఉంటుంది, మడమ చుట్టూ గట్టి పట్టు ఉండదు, ముందుభాగం వేళ్ళ దగ్గర సన్నబడుతుంది. అదే ధరకు దొరికే లేసుల బూటులో మడమ వెనక గట్టి గోడ, చీలమండ కింద మెత్తని అంచు, గీతలు తేలిన మందమైన అడుగు ఉంటాయి. వేళ్ళు కదిలేంత చోటు ఉంటుంది. మగపిల్లవాడు దూకుతాడు, పరుగెత్తుతాడు అనుకుని ఒకటి తయారుచేశారు. ఆడపిల్ల నెమ్మదిగా నడుస్తుంది, కూర్చుంటుంది అనుకుని మరొకటి తయారుచేశారు. పిల్లలు మాత్రం ఒకే మైదానంలో ఉన్నారు.

చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశవ్యాప్తంగా 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలను త్రీడీ యంత్రాలతో కొలిచింది. బ్రిటిష్ వారి కాలం నుంచి వాడుతున్న సైజుల బదులు మన పాదాలకు తగిన 'భా' అనే కొత్త సైజుల పద్ధతిని ప్రతిపాదించడానికి చేసిన సర్వే అది. అందులో తేలిన రెండు సంగతులు మీకు పనికొస్తాయి. మన పాదాలు ఐరోపా, అమెరికా వారి పాదాల కన్నా వెడల్పు. ఇక రెండోది, ఆడపిల్ల పాదం సగటున 11 ఏళ్ళకే పూర్తి సైజుకు చేరుతుంది. మగపిల్లవాడి పాదం 15, 16 ఏళ్ళ దాకా పెరుగుతుంది. అంటే మీ అమ్మాయి పాదం ఎదుగుదలలో చివరి అంచె ఇప్పుడే నడుస్తోంది. వేళ్ళకు చోటు అన్నిటి కన్నా ఎక్కువ అవసరమైన ఈ వయసులోనే మనం ఆడపిల్లలను సన్నని ముందుభాగం ఉన్న బెల్లీలలోకి మారుస్తున్నాం. తమ్ముడికి ఇంకా ఏడెనిమిదేళ్ళ వ్యవధి ఉంది, అతనికి మాత్రం వెడల్పు బూట్లు కొంటున్నాం. నాకు దీనిలో న్యాయం కనిపించదు.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు అనుకోవద్దు. బ్రిటన్‌లో క్లార్క్స్ అనే పాత బూట్ల సంస్థ ఆడపిల్లల బడి బూట్లలో ఒకదానికి 'డాలీ బేబ్' అని, మగపిల్లల బూట్లలో ఒకదానికి 'లీడర్' అని పేరు పెట్టి అమ్మింది. 2017లో అక్కడి తల్లులు తిరగబడ్డారు. అప్పటి స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత నికోలా స్టర్జన్ కూడా తప్పుపట్టారు. సంస్థ ఆ ఆడపిల్లల బూటును అమ్మకం నుంచి తీసేసింది. పేర్ల కన్నా తల్లుల అసలు ఫిర్యాదు నాకు ముఖ్యంగా కనిపిస్తుంది: మగపిల్లల బూట్లు వానకూ బురదకూ ఆగేలా ఉన్నాయి, ఆడపిల్లలవి ఆగవు. హైదరాబాద్‌లో బడి తెరిచేదే జూన్ రెండో వారంలో, నైరుతి దిగే రోజుల్లో. ఒక గంట వానకు మన రోడ్లు ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కరలేదు. పైన తెరిచి ఉన్న బెల్లీలో నీళ్ళు నిండితే, సాయంత్రం దాకా పిల్ల తడి సాక్సులతో కూర్చుంటుంది. వేళ్ళ సందుల్లో పుళ్ళు అలాగే వస్తాయి.

మీ దుకాణదారు విషయానికి వద్దాం. ఆయనతో వాదన అవసరం లేదు. అమ్మాయికని, అబ్బాయికని చెప్పకుండా కాలి కొలత చెప్పి, నల్ల లేసుల బూటు చూపించమనండి. బాటా వారి బడి బూట్ల పెట్టె మీద 'నాటీ బాయ్' అని రాసి ఉంటే అక్కడ ఆగిపోకండి, ఆ బూటు మీ అమ్మాయి కాలికీ పడుతుంది. సాయంత్రం పూట వెళ్ళండి, రోజంతా నడిచాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బడికి వేసే సాక్సులు తొడిగి, రెండు కాళ్ళకూ వేసి, నిలబెట్టి చూడండి. అన్నిటికన్నా పొడవైన వేలి ముందు మీ బొటనవేలి వెడల్పు చోటు మిగలాలి. బూటును చేత్తో వంచితే వేళ్ళ మొదళ్ళ దగ్గర వంగాలి, నడుమ దగ్గర మడతపడే బూటు వద్దు. దుకాణంలో నాలుగు అడుగులు పరుగెత్తించండి, మడమ పైకి లేస్తే ఆ జత తీసుకోవద్దు. మూడు నాలుగు నెలలకోసారి కొలత మళ్ళీ చూడండి. ఏడాదంతా వస్తుందని రెండు సైజులు పెద్దవి కొంటే పిల్ల తూలి పడుతుంది. మూడో తరగతి బాబుకు లేసులు కట్టుకోవడం ఇంకా రాకపోతే వెల్‌క్రో పట్టీ ఉన్నవి కొనండి, అందులో తక్కువతనం ఏమీ లేదు.

బట్టల దగ్గర విషయం ఇంకొంచెం లోతుగా ఉంటుంది.

స్కర్టు వేసుకున్న పిల్ల బడిలో రోజంతా వినే మాట "కాళ్ళు దగ్గర పెట్టి కూర్చో". నేల మీద కూర్చున్నప్పుడు, మెట్లెక్కేటప్పుడు, గాలి వీచినప్పుడు ఆమె దృష్టిలో సగం బట్ట మీదే ఉంటుంది. ఆ సగం పాఠం మీద ఉండవలసిన దృష్టి. ఆరో తరగతి దాటాక చున్నీ వస్తుంది. రెండు భుజాల మీదా పిన్నులు పెట్టి, నడుముకు బెల్టు కట్టి, దాని మీద పన్నెండు పుస్తకాల సంచీ. సైకిల్ మీద, బైకు వెనక వెళ్ళే పిల్లల చున్నీ అంచు చక్రంలోకి పోతే ఏమవుతుందో బళ్ళలో అందరికీ తెలుసు. అయినా ముందుగా చెప్పే జాగ్రత్త "చున్నీ సర్దుకో" అనే తప్ప, "చున్నీ లేకుండా రావచ్చు" అనరు. చున్నీ ఇష్టపడి వేసుకునే అమ్మాయి వేసుకోవాలి, అది ఆమె బట్ట. వద్దనుకునే అమ్మాయికి పొడవు చేతుల చొక్కా, కోటు లాంటి మరో దారి ఉండాలి.

జేబు గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడతాను. మగపిల్లవాడి ప్యాంటుకు రెండు జేబులు, చొక్కాకు ఒకటి. ఆడపిల్లల స్కర్టుకు చాలా చోట్ల ఒక్కటీ ఉండదు. చేతిరుమాలు, బస్సు పాసు, ఇంటి తాళంచెవి ఎక్కడ పెట్టుకోవాలి? ఏడో ఎనిమిదో తరగతి అమ్మాయి శానిటరీ ప్యాడ్ తీసుకుని బాత్రూముకు వెళ్ళాలంటే సంచీ మొత్తం భుజాన వేసుకుని తరగతి అందరి ముందు నుంచి నడవాలా? ఈ ఒక్క పని మీరు ఎవరినీ అడగకుండా ఇవాళే చేయవచ్చు. మీ వీధి టైలరు దగ్గరకు తీసుకెళ్ళి పక్క కుట్టులో లోపలికి జేబు పెట్టించండి. బయటికి కనిపించదు, ఏ నిబంధనకూ అడ్డు కాదు. ప్రభుత్వ బడి పిల్లల తల్లులు ఇది చదువుతుంటే వారికీ ఒక మాట. తెలంగాణలో 2024లో యూనిఫాం కుట్టుపనిని మహిళా స్వయం సహాయక సంఘాలకు అప్పగించారు. కుట్టేది మీ చుట్టుపక్కల ఆడవాళ్ళే, కొలతలు తీసుకునే రోజున వారినే జేబు అడగండి.

శనివారం తెల్ల డ్రెస్సు కూడా ఇదే కోవలోకి వస్తుంది. నెలసరి మొదలైన పిల్లలకు తెల్ల స్కర్టు, తెల్ల ప్యాంటు ఎంత నరకమో ఏ ఆడ టీచరును అడిగినా చెబుతుంది. ఆ రోజుల్లో బడి మానేసే పిల్లలు ఉన్నారు, వచ్చినా డ్రిల్లుకు లేవని పిల్లలు ఇంకా ఎక్కువ. వింబుల్డన్ టెన్నిస్ పోటీల్లాంటి చోట, తెల్లబట్టల నియమానికి పేరుపడ్డ చోట, 2023 నుంచి మహిళా క్రీడాకారులు లోపల ముదురు రంగు షార్ట్స్ వేసుకోవచ్చని సడలించారు. మన బడి సడలించకూడదా? మన నగరం బ్యాడ్మింటన్‌కు పుట్టినిల్లులాంటిది, అందుకే ఇంకో సంగతీ గుర్తుచేస్తాను. 2011లో ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య పెద్ద పోటీల్లో మహిళలు స్కర్టు లేదా గౌను మాత్రమే వేసుకోవాలని నియమం తేబోయింది. ఆటకు ఆకర్షణ పెంచాలన్నది వారి ఉద్దేశం. క్రీడాకారిణులు ఒప్పుకోలేదు, 2012లో ఆ ఆలోచన మానుకున్నారు. ఆడేవాళ్ళకు ఏది అనువో ఆడేవాళ్ళే చెప్పాలి. పదేళ్ళ పిల్లకూ ఆ మాత్రం హక్కు ఉంది.

బట్టకూ ఆటకూ నిజంగా సంబంధం ఉందా అని బడిలో మిమ్మల్ని అడగవచ్చు. 2024లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు 135 దేశాల్లోని పది లక్షల మందికి పైగా పిల్లల, యువత శారీరక శ్రమ వివరాలను పరిశీలించారు. యూనిఫాం సర్వసాధారణంగా ఉన్న దేశాల్లో రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు వంచే పిల్లల శాతం తక్కువగా ఉంది. ప్రాథమిక బడి వయసులో ఆడపిల్లలకూ మగపిల్లలకూ మధ్య ఈ తేడా ఆ దేశాల్లోనే ఎక్కువగా ఉంది. యూనిఫామే కారణమని ఆ అధ్యయనం రుజువు చేయలేదు, ఆ సంగతి పరిశోధకులే చెప్పారు, మీరూ అలాగే చెప్పండి. నేను మైదానంలో చూసిందీ దానికి భిన్నంగా లేదు. డ్రిల్లు రోజున ట్రాక్ ప్యాంటు, కాన్వాస్ బూట్లు వేసుకొచ్చిన అమ్మాయిలు ఇంటర్వెల్‌లో కూడా పరుగెత్తుతారు. మర్నాడు స్కర్టులో వచ్చిన అదే అమ్మాయిలు మెట్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు.

కేరళలో ఈ పని చేసి చూపించారు. ఎర్నాకుళం జిల్లా వలయన్‌చిరంగరలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల పిల్లలందరికీ ఒకే రకం చొక్కా, మోకాళ్ళ దాకా వచ్చే నిక్కరు పెట్టింది. 2021 డిసెంబరులో కోజికోడ్ జిల్లా బాలుశ్శేరిలోని ప్రభుత్వ బాలికల హయ్యర్ సెకండరీ పాఠశాల ప్లస్ వన్ (పదకొండో తరగతి) అమ్మాయిలకు చొక్కా, ప్యాంటు తెచ్చింది. అక్కడ కొన్ని సంఘాలు నిరసన తెలిపాయి, అమ్మాయిల మీద మగబట్టలు రుద్దుతున్నారని వారి అభ్యంతరం. ఆ అభ్యంతరాన్ని నేను తోసిపుచ్చను. అందరినీ ఒకే ప్యాంటులోకి నెట్టడం నాకు సమ్మతం కాదు. మన పాతబస్తీలో, టోలీచౌకిలో తలకు స్కార్ఫు, సల్వార్, పొడవు చేతులు కావాలనుకునే అమ్మాయిలు ఎందరో ఉన్నారు. స్కర్టు ఇష్టపడే పిల్లలూ ఉన్నారు. కాబట్టి బడిని అడగవలసింది ఒక్క మార్పు: జాబితాలో 'బాలికలకు', 'బాలురకు' అన్న రెండు శీర్షికలు తీసేసి, ఒకే రంగులో, ఒకే బట్టతో ప్యాంటు, స్కర్టు, సల్వార్ అన్నీ రాసి, ఏ విద్యార్థి అయినా ఏదైనా ఎంచుకోవచ్చని ఒక వాక్యం చేర్చడం. బూట్ల దగ్గర 'నల్లని, మడమ మూసి ఉన్న, జారని అడుగు గల బూట్లు' అని రాస్తే చాలు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2019 నుంచి ప్రభుత్వ బళ్ళన్నిటిలో ఆడపిల్లలకు నిక్కరు, ప్యాంటు ఎంచుకునే వీలు తప్పనిసరి చేసింది. స్కర్టును నిషేధించలేదు.

మీ అబ్బాయి గురించి మీరు అడగలేదు కానీ, అతనికీ ఇందులో వాటా ఉంది. గులాబీ రంగు నీళ్ళ సీసా తెచ్చిన మగపిల్లవాడిని ఆడంగి అని ఏడిపించడం, లేసుల బూట్లు వేసిన అమ్మాయిని మగరాయుడు అనడం ఒకే చోటి నుంచి పుడతాయి. పెద్దవాళ్ళు అడ్డు చెబితే మన ఇళ్ళలోని పాత ఫోటోలు తీసి చూపించండి. పుట్టువెంట్రుకలు తీయించే ముందు మగపిల్లవాడికి జడ వేసి, పూలు పెట్టి, లంగా తొడిగి స్టూడియోలో ఫోటో తీయించిన తెలుగు ఇళ్ళు ఎన్ని లేవు! చెవులు ఇద్దరికీ కుట్టించేవాళ్ళం. ఆ ముచ్చట వల్ల ఏ పిల్లవాడికీ ఏమీ కాలేదు. అంత ఉదారంగా ఉన్న తాతమ్మల మనుమలం, ఒక జత బూట్ల దగ్గర బిగుసుకుపోవలసిన పని లేదు.

ఇక మీ భయం. అది ఊరికే వచ్చిన భయం కాదు. 2017లో మన నగర శివారులోని ఒక ప్రైవేటు బడిలో, యూనిఫాం వేసుకురాలేదని పదకొండేళ్ళ అమ్మాయిని అబ్బాయిల మరుగుదొడ్డిలో నిలబెట్టారు. అప్పట్లో రాష్ట్రమంతా మాట్లాడుకున్న ఘటన అది. బట్ట మీద నియమం ఎంత సులువుగా పిల్ల పరువు మీద శిక్షగా మారుతుందో దాన్ని బట్టే తెలుస్తుంది. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లలను కొట్టడమూ, మానసికంగా వేధించడమూ నిషేధం. ఆ మాట మీకు తెలిసి ఉండాలి, మొదటి సమావేశంలోనే దాన్ని బయటికి తీయనక్కరలేదు.

పిల్ల చేతికి చీటీ ఇచ్చి పంపవద్దు. బడి తెరవక ముందే మీరు వెళ్ళి క్లాస్ టీచరును, తర్వాత ప్రిన్సిపాల్‌ను కలవండి. ముందు బూట్లే అడగండి, ఆ విషయం సులువుగా తేలుతుంది. పాదానికి అనువుగా లేవని, వానకు ఆగడం లేదని, రంగు మీ జాబితాలోదేనని చెప్పండి. చాలా బళ్ళు ఇక్కడే ఒప్పుకుంటాయి. "మా దగ్గరే కొనాలి" అంటే, 2024 మేలో హైదరాబాద్ జిల్లా విద్యాశాఖాధికారి ప్రైవేటు బళ్ళు ఆవరణలో యూనిఫాం, బూట్లు, బెల్టులు అమ్మకూడదని ఇచ్చిన ఆదేశాన్ని మర్యాదగా గుర్తుచేయండి. స్కర్టు, ప్యాంటు విషయం మాత్రం ఈ జూన్‌కు తేలదు. బట్టకు ఆర్డర్లు వేసవికి ముందే వెళ్ళిపోతాయి. జనవరిలో జరిగే పేరెంట్స్ మీటింగ్‌కు ముందు మరో నలుగురైదుగురు తల్లిదండ్రులను కలుపుకోండి, అందులో ఇద్దరైనా తండ్రులు ఉంటే కరస్పాండెంట్ త్వరగా వింటారు. ఇది నాకు నచ్చే సంగతి కాదు, కానీ ఉన్నది చెబుతున్నాను. కాగితం మీద రాసి ఇవ్వండి, ఒక కాపీ మీద సంతకం తీసుకోండి. ఈలోగా స్కర్టు కింద మోకాలి పైదాకా వచ్చే నల్ల షార్ట్స్ వేసి పంపండి, పిల్ల నిర్భయంగా పరుగెత్తుతుంది.

అమ్మాయికి మాత్రం ముందే చెప్పి ఉంచండి. ఎవరైనా "ఇవి అబ్బాయిల బూట్లు కదా" అంటే "నావే, నా కాలికి సరిపోయాయి" అంటే చాలని చెప్పండి. రోజూ ఏడిపిస్తుంటే అది టీచరుతో మాట్లాడవలసిన సంగతి, తనొక్కతే భరించవలసింది కాదని కూడా చెప్పండి. ఒకవేళ నెల తర్వాత తనే బెల్లీలు అడిగినా కోప్పడకండి, పుట్టినరోజులకూ పెళ్ళిళ్ళకూ వేసుకుంటుంది.

మీ అమ్మాయి పాదం వెడల్పు అయితే, కాగితం మీద నిలబెట్టి చుట్టూ పెన్సిల్ గీసి, వేళ్ళ మొదళ్ళ దగ్గర అడ్డం కొలత, మడమ నుంచి వేలి కొస దాకా పొడవు సెంటీమీటర్లలో ఇక్కడ రాయండి. ఏ ఆకారం బూటు చూడాలో చెబుతాను.